ఏ పెడల్ కొనాలి? గిటార్ డిస్టార్షన్ మీద సందేహాలు – సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒక్కటే: అందరి దగ్గరా ఉన్నది కాకుండా, నాకంటూ ఒక శబ్దం ఇచ్చే డిస్టార్షన్ పెడల్ ఏదో చెప్పండి. ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్లు అడగదగిన మంచి ప్రశ్న ఇది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. మా కాలేజీ ఫెస్ట్‌లో వాయించే గిటారిస్టులందరి దగ్గరా బాస్ కంపెనీ డీఎస్-1 పెడలే ఉంది. నా దగ్గరా అదే. వినగానే ‘ఇది ఫలానా వాడి గిటార్’ అనిపించే పెడల్ కావాలి. ఏది కొనమంటారు? ఎంత ఎక్కువ గెయిన్ ఉన్నది తీసుకుంటే మంచిది?
– ఒక విద్యార్థి, కాకినాడ

సమాధానం: ముందు గెయిన్ సంగతి తేల్చుకుందాం. గెయిన్ ఎక్కువైనంత మాత్రాన ఏ పెడల్‌కూ ప్రత్యేకత రాదు. పికప్ నుంచి వచ్చే సిగ్నల్ మెత్తగా లేచి పడే అల. పెడల్ దాన్ని పెంచుకుంటూ పోతుంది; ఆ పెంపే గెయిన్. ఒక హద్దు దగ్గర డయోడ్లు అడ్డుపడి అల కొసలను కోసేస్తాయి. మామూలు సిలికాన్ డయోడ్ సుమారు 0.6 వోల్టుల దగ్గర, జెర్మేనియం డయోడ్ 0.3 దగ్గర ఆ పని చేస్తాయి. ఎల్‌ఈడీ పెడితే 1.6 వోల్టులు దాటాకగానీ కోత మొదలుకాదు. కొసలు తెగినప్పుడు కొత్తగా పుట్టే హార్మోనిక్సే మనకు వినిపించే డిస్టార్షన్.

ఈ కోత ఇంచుమించు అన్ని పెడల్స్‌లోనూ ఉంటుంది. గొంతులు వేరుపడేది వడపోత దగ్గర. కోయడానికి ముందు ఏ ఫ్రీక్వెన్సీలను లోపలికి రానిస్తున్నారు, కోశాక వేటిని బయటికి వదులుతున్నారు? నేను ఏ పెడల్ విన్నా మొదట చెవిపెట్టేది దానికే. ఇది దేన్ని ఉంచుతోంది, దేన్ని తీసేస్తోంది అని.

ఐబనెజ్ వారి ట్యూబ్ స్క్రీమర్ తీసుకోండి. టీఎస్808 వచ్చింది 1979లో. అది కోతకు ముందే కింది స్వరాలను తగ్గించేస్తుంది, 720 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉన్నవాటిని ముందుకు తోస్తుంది. స్టీవీ రే వాన్ బ్లూస్ సోలోలు అంత స్పష్టంగా వినిపించడంలో దాని పాత్ర ఉంది. న్యూయార్క్‌లోని ఎలక్ట్రో-హార్మోనిక్స్ 1969లో తెచ్చిన బిగ్ మఫ్ దీనికి సరిగ్గా ఎదురు. నాలుగు ట్రాన్సిస్టర్ దశల్లో సిగ్నల్‌ను రెండుసార్లు కోస్తుంది. టోన్ నాబ్ మధ్యలో ఉంచితే 1000 హెర్ట్జ్ దగ్గర గొయ్యి పడుతుంది. కిందా పైనా నిండుగా, మధ్యలో ఖాళీగా ఉంటుంది. డేవిడ్ గిల్మోర్ పొడవాటి సోలోల్లో విన్నది ఈ కుటుంబమే.

ఇక ర్యాట్. మిషిగన్ రాష్ట్రం కలమజూలో ప్రోకో అనే కంపెనీ 1978లో మొదలుపెట్టింది. అందులో వాడిన ఎల్‌ఎం308 చిప్ చాలా నిదానమైంది. సిగ్నల్ వేగంగా మారితే దాని వెంట పరుగెత్తలేదు. గెయిన్ పెంచినకొద్దీ పై ట్రెబుల్ దానంతటదే మొద్దుబారుతుంది. సర్క్యూట్ లెక్కల్లో లోపంగా కనిపించే ఈ గుణమే ర్యాట్‌కు గొంతునిచ్చింది.

లోపాల గురించి ఇంకో మాట చెప్పాలి. అసలు ఈ శబ్దమే లోపాల్లోంచి పుట్టింది. లింక్ రే 1958 నాటి ‘రంబుల్’ కోసం ఆంప్ స్పీకర్‌కు పెన్సిల్‌తో చిల్లులు పొడిచాడు. 1961లో వచ్చిన మార్టీ రాబిన్స్ ‘డోంట్ వర్రీ’ రికార్డింగ్‌లో నాష్‌విల్ స్టూడియో మిక్సర్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ చెడి, గ్రేడీ మార్టిన్ సోలో బొంగురుపోయింది. తీసేయకుండా ఉంచేశారు. ఆ శబ్దాన్ని మళ్లీ పుట్టించాలని సౌండ్ ఇంజినీర్ గ్లెన్ స్నాడీ చేసిన సర్క్యూట్టే 1962లో మాయెస్ట్రో ఫజ్-టోన్‌గా బజారుకొచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ ‘శాటిస్‌ఫాక్షన్’తో లోకమంతా విన్నది దాన్నే.

అన్నిటికంటే నన్ను కదిలించే ఉదాహరణ బాస్ హెచ్‌ఎం-2. 1983లో వచ్చింది. పేరు హెవీ మెటల్. 1991 నాటికి తయారీ ఆపేశారు. ఈలోగా స్టాక్‌హోమ్‌లో కొందరు కుర్రాళ్లు దాని నాలుగు నాబులనూ చివరికంటా తిప్పి వాయించారు. మరో పెడల్ మీద అలా చేస్తే వినలేం. హెచ్‌ఎం-2లో మాత్రం 1000 హెర్ట్జ్ ప్రాంతం భయంకరంగా ఉబ్బి, ఒక కొత్త శబ్దం పుట్టింది. ఎంటూమ్డ్ బృందం 1990 ఆల్బమ్ ‘లెఫ్ట్ హ్యాండ్ పాత్’ వినండి. సన్‌లైట్ స్టూడియోలో టోమస్ స్కోగ్స్‌బెర్గ్ చేసిన రికార్డింగ్ అది. స్వీడిష్ డెత్ మెటల్ అనే బాణీకి ఆ శబ్దమే గుర్తయింది. చివరికి 2021లో బాస్ కంపెనీయే హెచ్‌ఎం-2డబ్ల్యూ పేరుతో ఆ పెడల్‌ను మళ్లీ తెచ్చింది.

మీకు నా సలహా ర్యాట్. తక్కువ గెయిన్‌లో ఓవర్‌డ్రైవ్‌గా, మధ్యలో డిస్టార్షన్‌గా, చివర ఫజ్‌కు దగ్గరగా పలుకుతుంది. మిడ్, అంటే మధ్య ఫ్రీక్వెన్సీలు, పోదు కాబట్టి వేదిక మీద వినిపిస్తుంది. దాని ఫిల్టర్ నాబ్ మిగతావాటికి తలకిందులు: కుడికి తిప్పితే ట్రెబుల్ తగ్గుతుంది. ఇది తెలియక ‘మొద్దుగా ఉంది’ అని అమ్మేసుకున్నవాళ్లున్నారు. ఇప్పటి ర్యాట్‌లో ఓపీ07 చిప్ వస్తోంది. పాత చిప్ కోసం రెట్టింపు ధర పెట్టక్కర్లేదు. హెవీ సంగీతమే మీ లోకమైతే హెచ్‌ఎం-2డబ్ల్యూ వినండి. మన దేశంలోనే, ముంబైలో యానిమల్ ఫ్యాక్టరీ యాంప్లిఫికేషన్ అనే చిన్న సంస్థ ఫజ్, డిస్టార్షన్ పెడల్స్ సొంతంగా రూపొందిస్తోంది. వాటినీ ఒకసారి విని చూడండి.

షాపుకు మీ గిటారే తీసుకెళ్లండి. పెడల్ ఆన్‌లో ఉన్నా ఆఫ్‌లో ఉన్నా శబ్దం ఒకే ఎత్తులో ఉండేలా లెవెల్ నాబ్ సర్దుకున్నాకే తీర్పు చెప్పండి. కాస్త గట్టిగా వినిపించేది మన చెవికి ఎప్పుడూ మెరుగ్గానే తోస్తుంది. తర్వాత గిటార్ వాల్యూమ్ సగానికి తగ్గించి వాయించండి. అప్పుడు కూడా ప్రాణం ఉన్న పెడల్‌ని ఇంటికి తెచ్చుకోండి.

డీఎస్-1ని మాత్రం అప్పుడే అమ్మకండి. టోన్ మధ్యలో పెట్టినప్పుడు దానికీ మిడ్‌లో గొయ్యి ఉంటుంది. అందరూ అక్కడే పెడతారు. మీరు టోన్‌ను బాగా ఎడమకు, గెయిన్‌ను పావు వంతుకు తెచ్చి, ఆంప్‌లో మిడ్ పెంచి వారం రోజులు వాయించండి. కొత్త పెడల్ అవసరమే లేదనిపించవచ్చు.

ప్రశ్న: ఇంట్లో ఒక్కడినే వాయిస్తే నా బిగ్ మఫ్ గోడలు కదిలిస్తుంది. ప్రాక్టీస్ రూములో డ్రమ్స్ అందుకోగానే నా గిటార్ మాయం. వాల్యూమ్ పెంచితే మిగతావాళ్లు ఒప్పుకోవడం లేదు. రెండో గిటారిస్ట్ కూడా బిగ్ మఫే వాడతాడు.
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

సమాధానం: మీ ఉత్తరం చివరి వాక్యంలోనే సగం జవాబు ఉంది. అదెలాగో చెబుతాను.

గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. దాని కిందంతా బేస్ గిటార్ది, కిక్ డ్రమ్‌ది. పైన 5000 దాటాక సింబల్స్ రాజ్యం. బ్యాండ్‌లో గిటార్‌కు నిజంగా ఖాళీగా దొరికే చోటు 400 నుంచి 2000 హెర్ట్జ్ వరకు. బిగ్ మఫ్ గొయ్యి తవ్వేది సరిగ్గా అక్కడే. ఇంట్లో ఒక్కరే వాయించినప్పుడు కింది గంభీరం, పైన మెరుపు రెండూ మీవే కాబట్టి అద్భుతంగా ఉంటుంది. బ్యాండ్‌లో ఆ రెండిటినీ బేస్, సింబల్స్ కప్పేస్తాయి. మిగిలింది గొయ్యి. ఇద్దరూ అదే పెడల్ వాడుతున్నారు కాబట్టి గొయ్యి రెండింతలైంది.

ఖర్చు లేని పని ముందు చేయండి. ఆంప్‌లో మిడ్‌ను మూడు వంతులకు పెంచండి, బేస్ తగ్గించండి, పెడల్ సస్టెయిన్ నాబ్‌ను సగానికి దించండి. గెయిన్ పెరిగినకొద్దీ గట్టి మీటుకూ మెత్తని మీటుకూ తేడా చెరిగిపోతుంది. డ్రమ్స్ మధ్య గిటార్‌ను గుర్తుపట్టించేది ఆ తేడానే. ఇంట్లో ఒంటరిగా వింటే ఈ సెట్టింగ్ నచ్చకపోవచ్చు. ఫోన్‌ను రూములో దూరంగా ఓ మూల పెట్టి బ్యాండ్ మొత్తాన్ని రికార్డు చేసి వినండి, నిజం తెలుస్తుంది.

అది చాలకపోతే బిగ్ మఫ్ తర్వాత ట్యూబ్ స్క్రీమర్ గానీ, 1981 నుంచి వస్తున్న బాస్ ఎస్‌డీ-1 గానీ పెట్టి, దాని గెయిన్ సున్నాలో, లెవెల్ ఎత్తులో ఉంచండి. అది పోయిన మిడ్‌ను తిరిగి తెస్తుంది. ఇక ఇద్దరిలో ఒకరు బిగ్ మఫ్ వదిలేయాల్సిందే. ఎవరన్నది మీరిద్దరూ కూర్చుని తేల్చుకోండి. రికార్డుల్లో ఒకే పెడల్‌తో గిటార్ల గోడ కట్టిన మాట నిజమే, స్మాషింగ్ పంప్కిన్స్ 1993 ఆల్బమ్ ‘సయమీస్ డ్రీమ్’ దానికి సాక్ష్యం. అక్కడ స్టూడియోలో ట్రాక్ మీద ట్రాక్ పేర్చి, ఒక్కోదాన్నీ విడిగా సర్దారు. ప్రాక్టీస్ రూములో ఆ వెసులుబాటు ఉండదు.

ప్రశ్న: వందనాలు సార్. మా సంఘంలో ఆదివారం ఆరాధనకు లీడ్ గిటార్ వాయిస్తాను. ఆంప్ లేదు, పెడల్ నుంచి కేబుల్ నేరుగా మిక్సర్‌లోకే. క్లీన్ బాగానే ఉంటుంది. డిస్టార్షన్ నొక్కితే తేనెతుట్టె కదిపినట్టు చెవుల్లో గుచ్చుకుంటుంది. పెద్దలు వద్దంటున్నారు. పెడల్ మార్చాలా?
– ఒక సోదరుడు, గుంటూరు

సమాధానం: మార్చవద్దు. మీ పెడల్‌లో తప్పేమీ లేదు. దాని తర్వాత ఉండాల్సిన ఒక వస్తువు లేదు: గిటార్ స్పీకర్.

గిటార్ ఆంప్‌లో ఉండే 12 అంగుళాల స్పీకర్ 5000 హెర్ట్జ్ దాటిన శబ్దాన్ని దాదాపు పలకలేదు. అల కొసలు కోసినప్పుడు పుట్టే పదును అంతకంటే చాలా పైకి పోతుంది. ఆ స్పీకర్ దాన్ని మింగేసి, వినదగిన భాగం మాత్రమే మనకిస్తుంది. పెడల్ తయారుచేసినవాళ్లు ఆ స్పీకర్ ఉంటుందన్న నమ్మకంతోనే చేశారు. ప్రార్థనా మందిరంలోని సౌండ్ బాక్సులు పాటలోని ప్రతి హల్లూ వినిపించాలని పెట్టినవి. ట్వీటర్‌తో 15,000 హెర్ట్జ్ పైవరకూ పలుకుతాయి. మింగేవాళ్లు లేక ఆ పదునంతా సంఘం చెవుల్లో పడుతోంది.

క్యాబినెట్ సిమ్యులేటర్ అనే పెడల్ దొరుకుతుంది. నిజమైన గిటార్ స్పీకర్ బాక్సు శబ్దాన్ని ఎలా మారుస్తుందో కొలిచి అందులో నింపుతారు. వరుసలో అన్నిటికంటే చివర, మిక్సర్‌కు ముందు పెట్టాలి. ఈ ఒక్క వస్తువుతో మీ కష్టం తీరిపోతుంది. మల్టీ ఎఫెక్ట్స్ యూనిట్ ఎవరి దగ్గరైనా ఉంటే దానిలోనే ఆ సదుపాయం ఉంటుంది, ఆన్ చేసి ఉందో లేదో చూడండి. లేదా చిన్న గిటార్ ఆంప్ పెట్టి దాని ముందు ష్యూర్ ఎస్‌ఎం57 లాంటి మైకు గుడ్డకు ఆనేంత దగ్గరగా ఉంచండి. స్పీకర్ నడిమధ్యకు గురిపెడితే పదునుగా, అంచువైపు జరిపితే మెత్తగా వస్తుంది. చాలామంది డీఐ బాక్సు పెట్టమని చెబుతారు. పొడవాటి కేబుల్‌లో గోల తగ్గడానికి అది మంచిదే, ఈ గరగరను మాత్రం అది తీయలేదు.

పెద్దల మాటలోనూ న్యాయముంది. సంఘమంతా పాడుతున్నప్పుడు మాటలు స్పష్టంగా వినిపించే చోటు 1000 నుంచి 4000 హెర్ట్జ్. చరణాల్లో గిటార్ వాల్యూమ్ తగ్గించి, సోలో వచ్చినప్పుడు పెంచండి.

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. పదేళ్లు వయొలిన్ నేర్చుకుని ఇప్పుడు ఎలక్ట్రిక్ గిటార్ మీద కర్ణాటక సంగీతం సాధన చేస్తున్నాను. డిస్టార్షన్ వేస్తే స్వరం నిలుస్తోంది, గమకం సాగుతోంది. కానీ శ్రుతి చెడిపోతుందేమోనని భయం. ఇది శాస్త్రానికి సరిపడే శబ్దమేనా? ఏ పెడల్ వాడాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. డిస్టార్షన్ మన సంగీతానికి పనికిరాదన్న మాట తరచూ వింటుంటాం. నా అభిప్రాయం దానికి విరుద్ధం. తీగలన్నీ కలిపి పెద్ద కార్డ్స్ వాయించే సంగీతం కంటే ఒక్కొక్క స్వరంగా నడిచే సంగీతానికే డిస్టార్షన్ బాగా నప్పుతుంది. కారణం చెబుతాను.

ఒక్క స్వరాన్ని కోసినప్పుడు పుట్టే కొత్త ధ్వనులన్నీ దానికి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు, ఇలా నిండు గుణిజాలే. అవన్నీ ఆ స్వరంలో ఒదిగిపోతాయి, శ్రుతి చెడదు. రెండు స్వరాలు కలిసి లోపలికి వెళితే కథ మారుతుంది. అప్పుడు వాటి మొత్తాలు, తేడాలు కూడా పుడతాయి. షడ్జమం, పంచమం 2:3 నిష్పత్తిలో ఉంటాయి. తేడా 1, అంటే కింది స్థాయి షడ్జమం. అది శ్రుతిలోనే ఉంది కాబట్టి స-ప కలిపి మీటితే గంభీరంగా ఉంటుంది. రాక్ గిటారిస్టుల పవర్ కార్డ్ రహస్యం అంతే. షడ్జమం, అంతర గాంధారం శుద్ధంగా 4:5. గిటార్ మెట్లు సమాన విభజనతో చేసినవి కాబట్టి ఆ గాంధారం 14 సెంట్లు ఎక్కువ పలుకుతుంది. పుట్టే తేడాలన్నీ శ్రుతి తప్పి గరగరలాడతాయి. ఇక షడ్జమం తీగ మోగుతుండగా మరో తీగ మీద కంపితం చేశారంటే ఆ రాపిడి క్షణక్షణానికీ మారుతుంది.

కాబట్టి తంబురా గానీ శ్రుతిపెట్టె గానీ విడిగా మోగాలి, పెడల్ గుండా పోకూడదు. మీటని తీగలన్నిటినీ అరచేతి అంచుతో, ఎడమచేతి వేళ్లతో నొక్కి ఉంచడం అభ్యాసం చేయాలి. వయొలిన్‌లో విల్లు తగలని తీగ దాదాపు మౌనంగా ఉంటుంది. డిస్టార్షన్‌లో మీ చెయ్యి తాకిన ప్రతి తీగా పెద్దగా మాట్లాడుతుంది. మొదట్లో మీకు కష్టం కలిగించేది ఇదే.

నష్టం కూడా ఒకటుంది, దాన్ని తక్కువగా చూడకండి. కొసలు కోయడం వల్ల గట్టి మీటు, మెత్తని మీటు ఒకే ఎత్తుకు వచ్చేస్తాయి. తోడి రాగంలో గాంధారాన్ని ఊపుతూ నిలపాలంటే ఇది వరం. జంటస్వరాలకు శాపం. రెండో స్వరం మీద పడాల్సిన ఊనిక కనిపించకుండా పోతుంది. అందుకే గిటార్ వాల్యూమ్ నాబ్ మీద చిటికెన వేలు ఉంచి వాయించడం అలవాటు చేసుకోండి. ఆలాపనలో పూర్తిగా తెరవండి, కల్పనస్వరాలకు ఆరుకో ఏడుకో దించండి.

పెడల్ విషయంలో, వాల్యూమ్ తగ్గిస్తే శుభ్రపడే గుణం మీకు అన్నిటికంటే ముఖ్యం. బాస్ బ్లూస్ డ్రైవర్, ట్యూబ్ స్క్రీమర్ ఆ పని బాగా చేస్తాయి. మెడవైపు పికప్, ర్యాట్, ఫిల్టర్ బాగా కుడికి: ఈ కూర్పులో తీగ మీటిన చప్పుడు తగ్గి గాత్రానికి దగ్గరగా వస్తుంది. బిగ్ మఫ్ ఆలాపనకు మనోహరంగా ఉంటుంది, వేగంగా నడిచే స్వరాలను మాత్రం ముద్ద చేసేస్తుంది. మీకు నేను అది చెప్పను.

శాస్త్రం సంగతి అడిగారు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ గారు మాండలిన్ జంట తీగలను వదిలి, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కచేరీలు చేసి కర్ణాటక సంగీత వేదికలను ఒప్పించారు. ఆయన శబ్దం నిర్మలమైనది, డిస్టార్షన్ లేదు. ఆ తోవలో ఇంకో అడుగు వేసినవారు కొచ్చికి చెందిన మదర్‌జేన్ బృందంలో వాయించిన బైజు ధర్మజన్. రాక్ డిస్టార్షన్‌లో గమకాలు ఎలా నిలుస్తాయో ఆయన గిటార్‌లో వినవచ్చు. ఇద్దరినీ వినండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ చదువుతూ గిటార్ నేర్చుకుంటున్నాడు. పెడల్ కొనమంటున్నాడు. దానివల్ల ఆంప్ పాడవుతుందని ఎవరో అన్నారు. నిజమా? ఇంట్లో పాత కీబోర్డు అడాప్టర్ ఉంది, దానికి సరిపోతుందా?
– ఒక తల్లి, కరీంనగర్

సమాధానం: ఆంప్ పాడవదమ్మా. శబ్దం చిరిగినట్టు వినిపిస్తుందే తప్ప, మామూలు వాల్యూమ్‌లో స్పీకర్‌కు హాని లేదు. కీబోర్డు అడాప్టర్ మాత్రం పెట్టనివ్వకండి. చాలా పెడల్స్‌కు కావలసింది 9 వోల్టుల డీసీ, పిన్ను మధ్యలో నెగెటివ్. కీబోర్డు అడాప్టర్లలో 12 వోల్టులవి, మధ్యలో పాజిటివ్ ఉన్నవి ఎక్కువ. తప్పుగా పెడితే పెడల్ కాలిపోవచ్చు. పెడల్ వెనక గుర్తు, అడాప్టర్ మీద గుర్తు రెండూ ఒకటేనా అని చూసి కొనండి. బ్యాటరీతో వాడితే వాయించడం అయ్యాక పెడల్ ఇన్‌పుట్ నుంచి కేబుల్ తీసేయమనండి. చాలా పెడల్స్‌లో ఆ జాక్‌లోనే స్విచ్ ఉంటుంది, కేబుల్ ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

మీరు జాగ్రత్త పడాల్సింది బాబు చెవుల విషయంలో. డిస్టార్షన్‌తో వాయిస్తున్నప్పుడు ఎంత గట్టిగా ఉందో వాయించేవాడికి తెలియదు. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు ఎనిమిది గంటలు మించకూడదన్నది వృత్తి ఆరోగ్య నిపుణుల ప్రమాణం. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. గదిలో మీరు మామూలు గొంతుతో పిలిస్తే వాడికి వినిపించాలి. అదే కొలత.

ప్రశ్న: జెర్మేనియం ట్రాన్సిస్టర్లున్న ఫజ్ ఫేస్ తరహా పెడల్ కొన్నాను. జనవరిలో అద్భుతం. మే వచ్చేసరికి గొంతు పట్టేసినట్టు సన్నగా, తెగి తెగి పలుకుతోంది. ముందు ట్యూనర్ పెట్టాక మరీ ఘోరం. పాడైపోయిందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: పాడవలేదు. అది ఎండకు లొంగింది. జెర్మేనియం ట్రాన్సిస్టర్‌లో కొంత కరెంటు ఎప్పుడూ కారిపోతుంటుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ కారడం దాదాపు రెట్టింపవుతుంది. 1966లో లండన్‌లోని ఆర్బిటర్ కంపెనీ మొదటి ఫజ్ ఫేస్‌లు చేసింది చల్లని ఊళ్లో. విశాఖ మే నెల ఉక్కకు దాని బయాస్, అంటే ట్రాన్సిస్టర్ పనిచేయడానికి పెట్టిన స్థిర వోల్టేజి, పక్కకు జరిగిపోతుంది. లోపల బయాస్ సర్దే చిన్న స్క్రూ ఉంటే తెలిసినవాళ్ల చేత సర్దించండి. వేదిక మీద లైట్ల వేడికి దూరంగా ఉంచండి. ఏడాది పొడవునా బయట కచేరీలు చేసేవారైతే సిలికాన్ ఫజ్ కొనుక్కోవడం మేలు.

ట్యూనర్‌ను ఫజ్ తర్వాతకు జరపండి. ఈ సర్క్యూట్ పికప్‌తో నేరుగా ముడిపడి పనిచేస్తుంది. గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే గలగలమని శుభ్రపడే ఆ గుణం, జిమీ హెండ్రిక్స్ వాడుకున్న గుణం, మధ్యలో బఫర్ (పికప్‌ను తర్వాతి సర్క్యూట్ నుంచి వేరుచేసే దశ) ఉన్న ట్యూనర్ వస్తే పోతుంది. ఇంకో హెచ్చరిక: పాత పద్ధతి జెర్మేనియం ఫజ్‌లకు పాజిటివ్ గ్రౌండ్ ఉంటుంది. మిగతా పెడల్స్‌తో కలిపి ఒకే అడాప్టర్ తీగకు తగిలించారంటే షార్ట్ అవుతుంది. బ్యాటరీతోనే వాడండి.

ప్రశ్న: డిస్టార్షన్ ఆన్ చేయగానే భరించలేని హమ్. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు ఇంకా ఘోరం. ఆంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేస్తే తగ్గుతుందని ఒక మిత్రుడు చెప్పాడు.
– ఒక పాఠకుడు, వరంగల్

సమాధానం: ఆ పిన్ జోలికి పోకండి. ఆంప్‌లో ఏదైనా లోపం వచ్చిన రోజు కరెంటు మీ గిటార్ తీగల్లోకి వస్తుంది. దాన్ని మీ ఒంట్లోకి పోనీయకుండా కాపాడేది ఆ ఎర్తే. గిటార్ వాయిస్తూ మైకును పెదవులతో తాకి షాక్ తగిలి ప్రాణాలు పోగొట్టుకున్న సంగీతకారులున్నారు. మీ ఇంట్లో మూడు పిన్నుల సాకెట్‌కు నిజంగా ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత ముందు పరీక్ష చేయించండి. చాలా ఇళ్లలో సాకెట్ ఉంటుంది, వెనక తీగ ఉండదు. హమ్‌కు అది కూడా ఒక కారణం.

పెడల్ హమ్‌ను పుట్టించడం లేదు, ఉన్నదాన్ని చూపిస్తోంది. 40 డెసిబెల్స్ గెయిన్ అంటే వోల్టేజి 100 రెట్లు. సింగిల్ కాయిల్ పికప్ మన 50 హెర్ట్జ్ కరెంటు వాసనను చుట్టూ ఉన్న ప్రతి తీగ నుంచీ పడుతుంది. గిబ్సన్‌లో సెత్ లవర్ 1955లో రెండు కాయిల్స్ ఎదురెదురు చుట్టి హంబకర్ చేసింది దీనికి విరుగుడుగానే. గిటార్ పట్టుకుని నెమ్మదిగా పక్కకు తిరగండి. ఒక దిక్కున హమ్ బాగా తగ్గుతుంది, అటు తిరిగి వాయించండి. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్, పాత ట్యూబ్‌లైట్ చోక్ ఆపి చూడండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఇచ్చే కరెంటు నిండా పైస్థాయి గోల ఉంటుంది. ఆ సమయంలో పెడల్‌ను బ్యాటరీ మీద వాడినా సగమే తగ్గుతుంది. అప్పుడు క్లీన్ అభ్యాసం చేసుకోండి. ఇవన్నీ అయ్యాక కూడా మిగిలిన హమ్‌కే, వాయించనప్పుడు శబ్దాన్ని ఆపేసే నాయిస్ గేట్ కొనాలి.

ప్రశ్న: ఇక్కడ ఒకాయన పాత క్లాన్ సెంటార్ అమ్ముతున్నాడు. వేల డాలర్లు అడుగుతున్నాడు. అంత విశిష్టమైన శబ్దం నిజంగా ఉందా?
– ఒక పాఠకుడు, డాలస్

సమాధానం: మంచి పెడల్. ఆ ధరకు తగినది ఏ పెడల్‌లోనూ లేదు. బిల్ ఫినెగన్ 1994 నుంచి ఒక్కొక్కటిగా సుమారు 8,000 తయారుచేశారు. సర్క్యూట్ ఎవరికీ తెలియకూడదని దాని మీద నల్లని రెసిన్ పోశారు. తర్వాత దాన్ని ఒలిచి చూస్తే లోపల ఉన్నవి జెర్మేనియం డయోడ్లు, 9 వోల్టులను 18కి పెంచే చిప్, కోసిన సిగ్నల్‌తో పాటు శుభ్రమైన సిగ్నల్‌ను కూడా కలిపే ఏర్పాటు. ఆ కలపడంలోనే దాని అందం ఉంది: మీటు పదును పోకుండా ఒళ్లు వస్తుంది. ఇప్పుడు అదే సర్క్యూట్‌తో పెడల్స్ చాలా వస్తున్నాయి. 2012లో ఫినెగన్ స్వయంగా తెచ్చిన కేటీఆర్ కూడా ఉంది. తన పెడల్ చుట్టూ లేచిన ఆర్భాటం తాను చేసింది కాదని ఆయన దాని మీదే అచ్చువేశారు. ఆ మాట నమ్మండి. మీరు అడుగుతున్నది ప్రత్యేకమైన శబ్దం గురించి అయితే ఇంకో సంగతి: క్లాన్‌ను ఎక్కువమంది గెయిన్ తక్కువ పెట్టి, ఆంప్‌ను ముందుకు నెట్టడానికే వాడతారు. ఆంప్ మంచిది కాకపోతే అది చేసేదేమీ లేదు. ఆ డబ్బుతో మంచి ట్యూబ్ ఆంప్ కొని, పక్కన ఒక ర్యాట్ పెట్టుకోండి. ఇంకా చాలా డబ్బు మిగులుతుంది.

ఉత్తరాలు రాసేవారికి ఒక మనవి. ‘మంచి పెడల్ చెప్పండి’ అని మాత్రమే రాస్తే జవాబివ్వడం సాధ్యం కాదు. మీ గిటార్‌లో ఉన్నది సింగిల్ కాయిలా హంబకరా, ఆంప్ స్పీకర్ ఎన్ని అంగుళాలు, ఇంట్లో వాయిస్తారా బ్యాండ్‌తోనా, ఈ మూడు సంగతులూ రాయండి. మీకు నచ్చిన గిటార్ శబ్దం ఏ పాటలోదో కూడా చెబితే ఇంకా మంచిది. వచ్చే సంచికలో ఆంప్‌ల మీద ప్రశ్నలు తీసుకుంటాను.